ముడి వేయని లేసు

పోయిన ఆదివారం మా ఇంటికి వచ్చిన మేనత్త కూతురు సోఫాలో సరిగ్గా కూర్చోకముందే మా మనవరాలి టాప్ అంచును రెండు వేళ్లతో పట్టుకుంది. కళ్లద్దాలు పైకి నెట్టుకుని, అంచుకున్న తెల్ల లేసును నలిపి నలిపి చూసింది. తర్వాత తన వెంట తెచ్చుకున్న చిన్న మనవరాలి వైపు తిరిగి, "గీ లేసు ఉంది సూడు, గిది నాదే" అంది.

నాకు అరవై దాటాయి. రోజూ పొద్దున బీపీ మాత్ర వేసుకుంటాను. ఆ మాట విన్నాక ఆ మాత్ర ఏమైందో తెలియదు గానీ, చెవులు వేడెక్కిపోయాయి. వంటింట్లోకి వెళ్లి పొయ్యి మీద చాయ్ నీళ్లు పెట్టి, అవి మరిగేదాకా అక్కడే నిలబడ్డాను. కోపం వచ్చినప్పుడు మనుషులు పాత విషయాలు మరిచిపోవాలని పెద్దవాళ్లు చెబుతుంటారు. నేను ఎవరు చెప్పినా వినలేదు. మరిచిపోవడం నాకు చేతకాదు, చేతకావాలని కోరుకోనూ లేదు.

ఎందుకంటే "గిది నాదే" అనే మాట వింటూ పెరిగినదాన్ని నేను.

ఆమె నాకంటే కొంచెం పెద్దది, వరసకు వదిన. వాళ్లకు నేరేడ్‌మెట్‌లో సొంతిల్లు, ముందు పూలకుండీలు, గేటుకు రంగు. మేం రాంగోపాల్‌పేట్ గల్లీలో, ఒకే వాకిలి చుట్టూ నాలుగైదు కుటుంబాలు ఉండే పాత ఇంట్లో రెండు గదుల్లో కిరాయికి ఉండేవాళ్లం. వేసవి సెలవులు మొదలవగానే మేనత్త ఒక పెద్ద సంచితో దిగేది. సంచిలో పైన వదినకు పొట్టివైపోయిన గౌన్లు, అవి నాకు. కింద మేనత్త జాకెట్టు ముక్కలు, లంగాల బట్ట, దిండు గలీబులు, అవి అమ్మకు. అమ్మ సెలవులన్నీ మిషన్ తొక్కుతూ అవి కుట్టి పెట్టేది. నేను సెలవులన్నీ ఆ గౌన్లు తొడుక్కుని తిరిగేదాన్ని.

గౌన్లు మంచివే. కాదనను. కానీ పెళ్లికి పోయినా, పేరంటానికి పోయినా, నలుగురు పిల్లలు చేరిన చోట వదిన నా దగ్గరికి వచ్చి, గౌను చెయ్యో జేబో పట్టుకుని, "గిది నాదే, పోయినేడుది" అని అందరికీ వినిపించేలా చెప్పేది. తిట్టినట్టు కాదు, మామూలుగా చెప్పేది. తిడితే తిరిగి తిట్టేదాన్ని. ఉన్న మాటే అంటుంటే ఏమని జవాబిస్తాం. ఇంటికొచ్చి ఆ గౌను గోడకేసి కొట్టేదాన్ని. మర్నాడు మళ్లీ అదే తొడుక్కునేదాన్ని.

మా వాకిట్లో ఎదురు గదుల్లో గోదావరి వైపు నుంచి బదిలీ మీద వచ్చిన రైల్వే ఆయన కుటుంబం ఉండేది. ఆయన భార్యను నేను పిన్నిగారు అనేదాన్ని. అమ్మ మామిడికాయ తొక్కు నూరితే ఆవిడ మాగాయ ఎండబెట్టేది. డాబా మీద చాప పరిచి, ఉప్పులో ఊరిన ముక్కలు ఆరబోస్తే, కాపలాకు నన్నే కూర్చోబెట్టేది. కాపలా ఉన్నందుకు నేను తిన్న ముక్కలకు నాలుక పొక్కిపోయేది. ఆవిడకు తెలుసు. చాపలో ఖాళీ కనబడకుండా ముక్కలు దూరం దూరంగా సర్దిపెట్టే నా తెలివిని చూసి నవ్వుకునేది.

మధ్యాహ్నం వాకిలంతా సద్దుమణిగాక ఆవిడ గడప దగ్గర కూర్చుని లేసు అల్లేది. కొనకు చిన్న కొక్కెం ఉన్న సూది, ఒళ్లో తెల్ల దారపు ఉండ, అంతే. నేను పక్కన కూర్చుని వారపత్రికలో సీరియల్ చదివి వినిపించాలి. ఆవిడ కళ్లు సూది మీద, చెవులు నా మీద ఉండేవి. నేనెక్కడైనా ఒక వాక్యం మింగేస్తే, "అక్కడేదో వదిలేశావమ్మా" అని పట్టేసేది. ఎండాకాలం మొదట్లోనే మా మధ్య ఒప్పందం కుదిరింది. సెలవులంతా నేను చదివిపెడితే, నాకంటూ ఒక లేసు అల్లి ఇస్తుంది. అది ఎవరిదో పాతది కాదు, నా కోసమే మొదలుపెట్టినది.

అల్లేటప్పుడు వరస తప్పితే ఆవిడ చివరి దారం పట్టుకుని లాగేసేది. మధ్యాహ్నమంతా అల్లింది జర్రున విడిపోయి, ఒళ్లో మెలికల దారంగా మిగిలేది. నాకు ఏడుపొచ్చేది. ఆవిడ మాత్రం తాపీగా ఉండేది. "లేసంటే ఏముందమ్మా, ఉన్నది ఒక్కటే దారం. చివర ముడి వెయ్యనంతవరకు అది మన చేతిలో ఉన్నట్టే" అనేది.

లేసు పూర్తయింది. మల్లె మొగ్గలంత పూలు, పూలకూ పూలకూ మధ్య సన్నటి వల. అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని ఒక్కో పువ్వునూ వేలితో తడిమి చూసింది. ఆ సాయంత్రమే నన్ను జనరల్ బజార్ తీసుకెళ్లి లేత ఆకుపచ్చ వాయిల్ ముక్క కొన్నది. నాకు కొత్త బట్ట కొనడం నాకు తెలిసి అదే మొదలు.

అమ్మ ఆ ముక్కతో నాకు టాప్ కుట్టిన రోజులు నాకు వాసనలతో సహా గుర్తున్నాయి. ముందు గుడ్డను పిరికెడు ఉప్పు వేసిన బకెట్ నీళ్లలో ఒక రాత్రంతా నానబెట్టింది. కుట్టాక ముడుచుకుపోకూడదని లేసును కూడా అదే నీళ్లలో వేసింది. మర్నాడు నీడలో ఆరేస్తే తడి వాయిల్ వాసన గదంతా నిండింది. కింద పాత వార్తాపత్రిక పరిచి, అరిగిపోయిన సబ్బు ముక్కతో గీతలు గీసి, కత్తెర పెట్టింది. కత్తెర నడుస్తున్నంతసేపు నన్ను ఊపిరి కూడా గట్టిగా పీల్చనివ్వలేదు. చేతులు లేకుండా, మెడ వెడల్పుగా, నడుము కిందికి వదులుగా ఉండే టాప్ అది. మిషన్‌లో నూనె చుక్కలు వేసి తొక్కుతుంటే ఆ చప్పుడుకు నాకు నిద్ర వచ్చేది, కానీ పడుకోలేదు. పొయ్యి మీద మూకుడులో సర్వపిండి మాడితే కూడా అమ్మ లేవలేదు. మాడిన అంచులు మాకు మరీ ఇష్టమని సర్దిచెప్పుకున్నాం.

అంచుకు లేసును చేత్తో కచ్చా కుట్టు వేసి ఆనించింది. కొలత సరిచూసి, మర్నాడు మిషన్ మీద గట్టి కుట్టు వేయాలి. సరిగ్గా అప్పుడే మేనత్త మళ్లీ సంచితో వచ్చింది, వెంట వదిన.

మేనత్త చూపు నేరుగా టాప్ మీదే పడింది. ఎవరిదని అడగలేదు. తీసి వదిన మీద పెట్టి చూసింది, వెనక్కి తిప్పి చూసింది, గౌను మీదనే తొడిగించి చూసింది.

"నా బిడ్డకు కొలత తీసి కుట్టినట్టే ఉన్నది. ఆదివారం దాని పుట్టినరోజు గద, గిదే ఏస్త" అంది.

"ఇంక కచ్చా కుట్టే ఉంది వదినా" అంది అమ్మ. అంతకంటే గట్టిగా కాదనడం అమ్మకు రాదు.

"అయితే కుట్టి, పక్కల జెర వదులు చేసి, ఆదివారం వచ్చేటప్పుడు తీస్కరా."

మా వైపు ఇళ్లలో ఆడబిడ్డ పుట్టింట్లో ఏదైనా చెయ్యి పెట్టి అడిగితే కాదనరు. ఆమెను ఉత్తచేతులతో పంపితే ఇంటికి మంచిది కాదంటారు. పైగా తల్లి పోయాక మా నాయినను పెంచింది ఈ అక్కే. ఆయన కుర్చీలో పేపరు చదువుతున్నాడు. పేపరు దించలేదు. నేను పేపరు వైపు చూశాను, అమ్మ వైపు చూశాను. ఇద్దరిలో ఎవరూ నా వైపు చూడలేదు.

మేనత్తే చూసింది. నవ్వుతూ నా గడ్డం పట్టుకుంది. "గట్ల మొఖం పెట్టినవేందే. వచ్చే యేడు దానికి పొట్టిగైతది. అప్పుడు నీకే ఇస్త గద."

నా లేసు, నా టాప్, ఏడాది తర్వాత సంచిలో పైన మడతపెట్టుకుని మళ్లీ నాకే వస్తుందన్నమాట. వదిన దాని అంచు పట్టుకుని ఊరందరికీ చెబుతుందన్నమాట. నాకు ఏడుపు రాలేదు. ఆ క్షణం నుంచి నేను మేనత్తతో చాలా మర్యాదగా ఉన్నాను. మంచినీళ్లిచ్చాను, చెప్పులు తీసి పెట్టాను.

అమ్మ ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. మర్నాడు టాప్ పక్కలు విప్పి వదులు చేసి, లేసు దగ్గరికి వచ్చేసరికి మిషన్ ముందు ఊరికే కూర్చుండిపోయింది. "లేసు నేను కుడతా. పిన్నిగారి సూదితోని మంచిగ వస్తది" అన్నాను. అమ్మ ఆశ్చర్యంగా చూసి, ఇచ్చేసింది.

పిన్నిగారిని అడిగి ఆ కొక్కెం సూది తెచ్చుకున్నాను. గుడ్డకూ లేసుకూ కలిపి ఎలా కుట్టాలో ఆవిడే చూపించింది. దారాన్ని కొక్కెంతో ఇవతలికి లాగి, ఒక గొలుసులోంచి ఇంకో గొలుసు తీసుకుంటూ పోవడమే. "చివర మాత్రం దారం గొలుసులోంచి దూర్చి గట్టిగా ముడెయ్యాలమ్మా, లేకపోతే అంతా జారిపోతుంది" అని జాగ్రత్త చెప్పింది. నాకు కావలసింది ఆ జాగ్రత్తే. బియ్యం బస్తా మూతికి వేసేది కూడా ఇలాంటి కుట్టే. సరైన కొస పట్టుకుంటే మూతి మొత్తం ఒక్క గుంజుకు విడిపోతుంది. మా ఇంట్లో బస్తా విప్పే పని ఎప్పుడూ నాదే.

నా జీవితంలో అంత ఒద్దికగా నేను ఏ పనీ చేయలేదు. గొలుసులన్నీ ఒకే కొలతలో, ఒక్క దారప్పోగు చీలకుండా వేశాను. చుట్టూ తిరిగి పక్క కుట్టు దగ్గరికి వచ్చాక ముడి వేయలేదు. కొసను లోపలికి మడిచి, గోరుతో గీకితే ఊడేలా ఒకే ఒక్క కచ్చా పోగుతో ఆనించాను. తర్వాత అమ్మ వేసిన కచ్చా కుట్లన్నీ తీసేశాను.

అమ్మ దాన్ని వెలుతురులో పెట్టి చూసింది. "మిషన్ కుట్టు లెక్కనే ఉంది" అంది. తిరగేసి చూసింది. పక్క కుట్టు దగ్గర వేలు ఒక్క క్షణం ఆగింది. తర్వాత మడతపెట్టి, ఇస్త్రీ చేసి, సంచిలో పెట్టింది.

ఆదివారం నేరేడ్‌మెట్ ఇంటి నిండా జనం. మామయ్య ఆఫీసువాళ్లు, వాళ్ల భార్యలు, పిల్లలు. బేకరీ కేకు నుంచి గుడ్డు వాసన, పళ్లెంలో కారా, సమోసాలు, పెద్ద గిన్నెలో నిమ్మ షర్బత్. వదిన నా టాప్ వేసుకుని తిరుగుతోంది. నిజం చెప్పాలి, ఆమెకు బాగుంది. అది మరీ మండించింది. నా ఒంటి మీద ఆమె పాత గులాబీ రంగు నైలాన్ గౌను, ఛాతీ దగ్గర ఇస్త్రీ పెట్టె కాల్చిన మచ్చతో.

ఆఫీసరుగారి భార్య ఒకావిడ టాప్ చాలా బాగుంది, ఎక్కడ కుట్టించారని మేనత్తను అడిగింది. పక్కనే అమ్మ షర్బత్ గ్లాసుల పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. మేనత్త అమ్మ వైపు చూడకుండా, "ఆబిడ్స్‌ల పెద్ద టైలర్ దగ్గర కుట్టిచ్చిన" అంది. అమ్మ తల దించుకుని గ్లాసులు అందించింది.

అంతవరకు నాలో కాస్త బెరుకు ఉండేది. ఇంతమందిలో వద్దేమో, ఇంటికెళ్లాక చూద్దామేమో అనుకున్నాను. అమ్మ తల దించుకోవడం చూశాక సగం పోయింది. మిగతా సగం వదినే పోగొట్టింది. స్నేహితురాళ్లను వెంటేసుకుని వచ్చి, నా గౌను మీది మచ్చ మీద వేలు పెట్టి, "గిది నాదే, పోయినేడుది. గీ మచ్చ నేనే చేసిన" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తర్వాత కుర్చీలాట మొదలైంది. వరండాలో కుర్చీలు వేసి టేప్ రికార్డర్ పెట్టారు. నేను వదిన వెనకే నిలబడ్డాను. పాట మొదలయ్యేలోపు గోరుతో ఆ కచ్చా పోగు గీకి, కొస తీసి వేలికి చుట్టుకున్నాను. పాట మొదలైంది. ఆమె పరుగెత్తింది, నేను కదలలేదు.

ఆ కుట్టు విడిపోతున్న అదురు నా వేలికి ఇప్పటికీ గుర్తుంది. ఒక్కో గొలుసు తెగకుండా, చిక్కుపడకుండా, జర్రున వచ్చేసింది. ఆమె కుర్చీల చుట్టూ తిరుగుతోంది, లేసు అంచు నుంచి జారి వెనక నేల మీద పాకుతోంది. పాట ఆగింది. ఆమె గెలిచినట్టు కుర్చీలో కూర్చుంది. లేసు కుర్చీల మధ్య పడి ఉంది, టాప్ అంచు మడత లేకుండా, పోగులు వేలాడుతూ బయటపడింది.

పిల్లలు పగలబడి నవ్వారు. వదిన కిందికి చూసుకుని ఏడుపు మొదలుపెట్టింది. ఆఫీసరుగారి భార్య మాత్రం ఎంతో నెమ్మదిగా, ఆ టైలర్ ఎవరో చెబితే మేమటు పోకుండా ఉంటామని మేనత్తను అడిగింది. మేనత్త మా అమ్మ వైపు చూసింది. తిట్టాలంటే అమ్మే కుట్టిందని అందరి ముందూ ఒప్పుకోవాలి. నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టు అలాగే నిలబడిపోయింది. ఆ మొహాన్ని ఎన్ని ఎండాకాలాలు తలుచుకున్నానో, తలుచుకున్న ప్రతిసారీ అంతే చల్లగా ఉంది.

గొడవలో ఎవరూ చూడకుండా లేసును ఏరుకుని, అరచేతికి చుట్టి, ఆ గులాబీ గౌను జేబులో పెట్టుకున్నాను. ఒక్క పువ్వు కూడా చెడలేదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అమ్మ పక్కన కూర్చున్నాను. జేబు ఉబ్బెత్తుగా ఉంది. అమ్మ చెయ్యి పెట్టి లేసు బయటికి తీసి, ఒళ్లో పరిచి, ముడతలు సాపు చేసింది. నేను వీపు మీద దెబ్బ కోసం ఎదురు చూశాను. బస్సు రెండు స్టాపులు దాటాక, కిటికీ బయటికే చూస్తూ అంది.

"ముడి ఎయ్యలేదని నేను నిన్ననే చూసిన."

ఇల్లు చేరేదాకా నా చెయ్యి వదల్లేదు.

ఆ తర్వాత మేనత్త సంచి రావడం ఆగిపోయింది. పాత గౌన్లు లేవు, కుట్టి పెట్టాల్సిన జాకెట్లూ లేవు. అమ్మకు మధ్యాహ్నాలు ఖాళీ దొరికాయి, పిన్నిగారి గడప దగ్గర కూర్చుని తనూ సీరియల్ వినేది. లేసును మాత్రం దేనికీ కుట్టనివ్వలేదు. కలరా ఉండలు వేసి ట్రంకులో దాచింది. పిన్నిగారి వాళ్లు బదిలీ అయి వెళ్లిపోయారు. ఆ ఇల్లు కూల్చి అపార్ట్‌మెంట్ కట్టారు, అందులోనే మూడో అంతస్తులో ఉంటున్నాను. వాకిలి ఉన్న చోట ఇప్పుడు కార్లు నిలబెడుతున్నారు. అమ్మ పోయాక ట్రంకు నాకొచ్చింది.

ఈ ఎండాకాలం మా మనవరాలు ఫోన్లో ఏదో టాప్ చూపించి, ఇలాంటిది కావాలంది. కొననివ్వలేదు. ఇద్దరం ఇంట్లోనే కుట్టాం. బకెట్లో ఉప్పు వేసి గుడ్డ నానబెడుతుంటే ఆ పిల్ల నన్ను విచిత్రంగా చూసింది. ట్రంకులోంచి లేసు తీసి, మిషన్ మీద రెండు వరసలు గట్టిగా వేశాను. ముడి కూడా వేశాను.

చాయ్ పట్టుకుని వంటింట్లోంచి వచ్చేసరికి వదిన ఇంకా ఆ అంచు వదల్లేదు. తన మనవరాలికి కథ చెబుతోంది. నన్ను చూసి నవ్వుతూ అంది, "మా అమ్మ సచ్చేదాక అనుకుంటనే ఉండె. మీ అమ్మ కుట్టు కచ్చాదని, నా పుట్టినరోజు నాడు ఇజ్జత్ తీసిందని. సుట్టాలందరికీ అదే చెప్పింది."

ఇది నాకు తెలియదు. మిషన్ మీదే బతుకంతా వంగిన మా అమ్మకు చుట్టాల్లో ఆ పేరు పెట్టారని, అమ్మ అది తెలిసి కూడా నోరెత్తలేదేమోనని అప్పుడే తట్టింది. ట్రే కింద పెట్టాను.

"గుంజి చూడు వదినా" అన్నాను.

ఆమె వేళాకోళం అనుకుంది. కాస్త లాగింది. మళ్లీ గట్టిగా లాగింది. లేసు కదల్లేదు.

"గిది మా అమ్మ నేర్పిన కుట్టు. ఊడదు. ఆనాడు ఊడింది నా కుట్టు. ఊడాల్ననే కుట్టిన."

ఆమె నా మొహంలోకి చూసింది. ఎన్నేళ్ల లెక్కో ఆ కళ్లలో తిరిగింది. వేళ్లు మెల్లగా అంచును వదిలాయి. చాయ్ తాగింది, మోకాళ్ల నొప్పుల గురించి కాసేపు మాట్లాడింది, లేచింది.

బొట్టు పెట్టి జాకెట్టు ముక్క ఇచ్చాను. ఆడబిడ్డ బిడ్డ కదా, ఉత్తచేతులతో పంపకూడదు. అల్మారాలోంచి ఇంకొకటి కూడా తెచ్చాను, ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి ఉంచిన పూల టాప్. దాన్ని ఆమె చేతిలోనే పెట్టాను.

"మా పిల్లకు పొట్టిగైంది. మీ పిల్లకు సరిగ్గ సరిపోతది" అన్నాను.

ఆమె చెప్పులు వేసుకుని గడప దాటుతుండగా, లోపలి గదిలోంచి మా మనవరాలు తొంగి చూసి, "అమ్మమ్మా, అది నాదే కదా" అంది.

వదిన మెట్ల దగ్గర ఒక్క క్షణం ఆగింది. వెనక్కి తిరగలేదు. ఆ మాట మా పిల్లకు నేను నేర్పలేదు. ఆ పూట నేను చేయనిది అదొక్కటే.